"నోషన్స్" అంటారేమోనని

ప్రశ్న: డబ్లిన్‌లో వారానికోసారి కలిసే రచయితల బృందంలో చేరాను. ఐరిష్ వాళ్లు ఏది చదవబోయినా ముందు "ఇది ఒట్టి చెత్తలే" అంటారు. తీరా వింటే చాలా బాగుంటుంది. నిజంగానే నమ్మకం లేదా, నటనా? నేనేమనాలి?
– ఒక పాఠకురాలు, డబ్లిన్

జవాబు: సగం మొహమాటం, సగం భయం. అక్కడ ఎవరైనా తన గురించి కాస్త గొప్పగా చెప్పుకుంటే "ఆవిడకి నోషన్స్" అంటారు. మన "నెత్తికెక్కింది" లాంటి మాట. ఆ మాట పడకుండా తన రాతను తనే ముందు తీసిపారేస్తారు. డ్రెస్ బాగుందంటే "పెన్నీస్‌లో కొన్నా, పది యూరోలే" అనడమూ ఇదే బాపతు (పెన్నీస్ అంటే చవక బట్టల షాపు).

"చెత్త" అన్నప్పుడు తలూపకండి. "అయ్యో, అద్భుతం!" అని ఎత్తేయకండి కూడా. పొగడ్త పెద్దదయ్యేకొద్దీ మనిషి ముడుచుకుపోతారు. "చదవండి, వింటాం" అంటే చాలు. విన్నాక ఒక్క చోటు పట్టుకుని చెప్పండి: "కెటిల్ పెట్టి మర్చిపోయిన దగ్గర కథ మలుపు తిరిగింది" అన్నట్టు. అంత కచ్చితంగా చెబితే కాదనడానికి సందుండదు.

ఈ సిగ్గుకి విరుగుడు వాళ్ల దగ్గరే ఉంది. షాన్ నోస్ అని, వాద్యాలు లేకుండా ఒక్కరే ఐరిష్ భాషలో పాడే పాత పద్ధతి. పాడేవాళ్లు కళ్లు మూసుకుంటారు, గోడవైపు తిరిగేవాళ్లూ ఉండేవారు. పక్కనున్న మనిషి వాళ్ల చెయ్యి పట్టుకుని పాట నడకను బట్టి మెల్లగా తిప్పుతాడు. మధ్యమధ్య ఎవరో "మో హ్యోల్ హూ" అంటారు, మన "భళా" లాగా. సిగ్గు పోగొట్టుకోమని ఎవరూ అడగరు, చెయ్యి మాత్రం వదలరు.

ప్రశ్న: ఇదంతా ఇంగ్లీషు పాలన వల్లా, చర్చి వల్లా?

జవాబు: ఒకదాని మీదే తోసేస్తే లెక్క తేలదు. 19వ శతాబ్దంలో బళ్లో పిల్లల మెడలో కర్ర వేలాడదీసి, ఐరిష్ మాట్లాడినప్పుడల్లా దాని మీద ఒక గాటు పెట్టి, గాట్లు లెక్కబెట్టి కొట్టేవారు. ఇంట్లో తల్లిదండ్రులూ ఆ గాట్లు పెట్టేవారు. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బళ్లు చూసినవాళ్లకి ఇది వింతేం కాదు. స్వతంత్రం వచ్చాక 1929లో సెన్సార్‌షిప్ చట్టం తెచ్చింది సొంత ప్రభుత్వమే. 1960లో ఎడ్నా ఓబ్రయన్ తొలి నవలను నిషేధించారు. 1965లో జాన్ మెక్‌గాహెర్న్ నవలకీ అదే గతి, పైగా ఆయన బడిపంతులు ఉద్యోగం పోయింది. 1967లో గానీ నిషేధానికి 12 ఏళ్ల గడువు పెట్టలేదు.

అన్నట్టు, ఐరిష్‌లో "తా నారె ఓరమ్" అంటే "నా మీద సిగ్గు ఉంది". మనకూ "నాకు సిగ్గుగా ఉంది" అనే వస్తుంది. సిగ్గు మనిషి మీదికి వచ్చేదే గానీ మనిషే సిగ్గు కాదు.

ప్రశ్న: గ్రాంట్ అప్లికేషన్లో నా గురించి రాయాలంటే చెయ్యి ఆడదు.

జవాబు: "చిన్న ప్రయత్నం", "ఏదో" లాంటి మాటలు కొట్టేయండి. ఏం చేశారు, ఎక్కడ, ఏ ఏడు, ఎన్ని పేజీలు లేదా ఎన్ని ప్రదర్శనలు, అంతే రాయండి. పరిచయం మాత్రం స్నేహితుల చేత "ఆమె" అని రాయించుకుని, తప్పులు దిద్దండి. ఐర్లండ్ 2022లో 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోల పథకం పెట్టినప్పుడు, అర్హుల్లోంచి లాటరీ తీసింది. రాకపోతే నామోషీ లేదు, వస్తే నోషన్సూ లేవు. మామూలు గ్రాంట్‌లో ఆ వెసులుబాటు ఉండదు, తీర్పరులు చదివేది మీ కాగితమే. మొహమాటంతో వదిలేసిన ప్రదర్శనకు మార్కులు పడవు.