టెక్ సందేహాలు: ఫోన్‌లో కుదిరిన స్పెల్లింగ్ పేపర్ మీద కుదరదేం?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. ఇంగ్లిష్ లెటర్ ఫోన్‌లో టైప్ చేస్తే ఒక్క తప్పు ఉండదు. అదే లెటర్ పేపర్ మీద రాస్తే నిండా ఎర్ర సిరానే. మంచి గ్రామర్ యాప్ ఏదైనా చెప్పండి.
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: ఇంకో యాప్ వద్దండీ, ఉన్నదాని నోరు కాస్త మూయిద్దాం. మీరు పంపిన రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశాను. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూసొచ్చానని స్నేహితురాలికి రాసిన లెటర్. లోపలి ఇరుకు పడకల గురించి భలే రాసింది. తడబడింది మూడు మాటల దగ్గర. 'రిసీవ్డ్'లో సి తర్వాత ఇ-ఐ బదులు ఐ-ఇ వేసింది. 'సెపరేట్'లో పి తర్వాత ఎ ఉండాల్సిన చోట ఇ పెట్టింది. 'అంటిల్' చివర రెండో ఎల్ తగిలించింది. ఫోన్‌లోనూ ఇలాగే కొట్టి ఉంటుంది. స్పేస్ నొక్కగానే కీబోర్డ్ చడీచప్పుడు లేకుండా దిద్దేసింది. తప్పు పడిన సంగతి పిల్లకి తెలిస్తే కదా!

మీ ఫోన్‌లో ఉన్నది జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్) అయితే దాని సెట్టింగ్స్‌లో కరెక్షన్‌ల విభాగానికి వెళ్లి ఆటో కరెక్షన్, పైన మాటలు చూపించే సజెషన్ స్ట్రిప్ రెండూ ఆపేయండి. తప్పు మాట కింద ఎర్ర గీత గీసే స్పెల్ చెక్ మాత్రం ఉంచండి. అమ్మాయి ముందు నోట్‌బుక్‌లో రాయాలి. తర్వాత అందులో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే టైప్ చేయాలి. ఎర్ర గీత పడిన మాట మీద నొక్కి దిద్దుకోకూడదు. డిక్షనరీలో వెతికి, నోట్‌బుక్‌లోనే సరిచేసుకోవాలి. ఫొటోలోని అక్షరాలు చదివే గూగుల్ లెన్స్‌తో ఫొటో తీస్తే సరిపోదా అంటారేమో. చేతిరాత చదివేటప్పుడు అది తప్పు మాటని ఒప్పుగా ఊహించేసే ప్రమాదం ఉంది. మళ్లీ మొదటికే వస్తాం.

ఎర్ర గీతనీ పూర్తిగా నమ్మొద్దు. 'అక్కడ' అనే 'దేర్' బదులు 'వాళ్ల' అనే 'దెయిర్' రాస్తే రెండూ అసలైన మాటలే కాబట్టి స్పెల్లింగ్ పరంగా తప్పు కనిపించదు. ఇక 'డిస్కస్డ్ అబౌట్' అని రాసిందే, అది మనందరి తప్పు. తెలుగులో 'దాని గురించి చర్చించాం' అంటాం కదా, ఆ 'గురించి' ఇంగ్లిష్‌లోకీ వెంట వచ్చేస్తుంది. అక్కడ 'అబౌట్' అక్కర్లేదు.

ప్రశ్న: మనవడు ఎనిమిదో తరగతి. ఇంగ్లిష్ పాఠం రైలు బండిలా చదివేస్తాడు, అర్థం అడిగితే దిక్కులు చూస్తాడు. నాకా ఇంగ్లిష్ రాదు. ఫోన్ ఏమైనా సాయపడుతుందా?
– ఒక తాతగారు, పెందుర్తి

జవాబు: పడుతుంది తాతగారూ. గూగుల్ లెన్స్‌తో పేజీ ఫొటో తీసి, ఒక పేరా ఎంచుకుని 'లిజన్' నొక్కితే చదివి వినిపిస్తుంది. మరీ వేగంగా అనిపిస్తే ఫోన్ సెట్టింగ్స్‌లో 'టెక్స్ట్ టు స్పీచ్' అని వెతికి స్పీచ్ రేట్ తగ్గించి చూడండి. ఇంగ్లిష్ (ఇండియా) గొంతు పెట్టుకుంటే వాడి చెవికి సులువు. కామా దగ్గర, ఫుల్‌స్టాప్ దగ్గర అది ఎక్కడ ఆగుతోందో విననివ్వండి. తర్వాత వాణ్ని చదవమని ఫోన్‌లోనే రికార్డ్ చేయండి. తన రైలు తనే వింటే నవ్వొస్తుంది, ఆ నవ్వుతోనే సగం వేగం తగ్గుతుంది.

పేరా మొత్తం ట్రాన్స్‌లేట్ చేసే అలవాటు మాత్రం చేయకండి. అప్పుడు వాడు చదివేది తెలుగే. తెలియని మాట ఒక్కటే చూసుకోమనండి. చివర్లో పాఠంలో ఏం జరిగిందో మీకు తెలుగులో చెప్పమనండి. ఆ కథలో ఎక్కడ అతుకు కుదరకపోయినా మీరు ఇట్టే పట్టేస్తారు. దానికి ఇంగ్లిష్ రానక్కర్లేదు.

ప్రశ్న: 'కలర్' అని స్కూల్లో చెప్పినట్టు 'యు' పెట్టి టైప్ చేస్తే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వర్డ్ ఎర్ర గీత పెడుతోంది. ఎవరిది తప్పు?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, ఎంవీపీ కాలనీ

జవాబు: ఎవరిదీ కాదు. మీ వర్డ్ అమెరికా ఇంగ్లిష్‌లో ఉంది, అక్కడ 'కలర్'కి 'యు' ఉండదు. రివ్యూ, లాంగ్వేజ్, సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్‌కి వెళ్లి ఇంగ్లిష్ (ఇండియా) ఎంచుకుని, డిఫాల్ట్ చేసేయ్.