కర్ణభేరిని కొలిచే చదువు ఎక్కడుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మా తమ్ముడి కొడుకును చెవి పరీక్షకు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్తే తోడు వెళ్లింది. అప్పటినుంచి కర్ణభేరి బిగువును కొలిచే చదువే చదువుతానంటోంది. అలాంటి కోర్సు ఉందా? కంప్యూటర్ సైన్స్ వదిలేస్తే నష్టపోతామా? – ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: ఆ పేరుతో డిగ్రీ లేదండీ. పని మాత్రం ఉంది.

మీ అమ్మాయి చూసింది బహుశా టింపనోమెట్రీ. చెవి రంధ్రాన్ని మెత్తని బిరడాతో మూసి, లోపలి గాలి పీడనాన్ని మారుస్తూ 226 హెర్ట్జ్ శబ్దాన్ని పంపుతారు. తిరిగి వచ్చిన శబ్దాన్ని బట్టి కొండలాంటి గీత వస్తుంది. కర్ణభేరి పొర వెనుక నీరు చేరితే ఆ కొండ చదునైపోతుంది. అయితే అందులో ఒక చిక్కుంది. ఆ గీత పొర ఒక్కదాని గురించే చెప్పదు. వెనకనున్న మూడు ఎముకలు, గాలి గది అన్నీ కలిసి పలుకుతాయి.

పొర సొంత గుణం తెలియాలంటే దానం చేసిన దేహాల నుంచి తీసిన పొర పట్టీని వంచి, సాగదీసి చూడాలి. లేదా పీడనంతో ఉబ్బించి, ఆకారం మారిన తీరును కంప్యూటర్ నమూనాతో సరిపోల్చాలి. లేజర్‌తో కంపనాలనూ కొలుస్తారు. మామూలు మాటలకు పొర కదిలేది నానోమీటర్లలోనే. మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూఇటూ. పేరులో భేరి ఉందిగానీ అది డప్పులా బల్లపరుపుగా ఉండదు, లోతు తక్కువ గరాటులా ఉంటుంది. పోగులు కొన్ని కేంద్రం నుంచి అంచుకు, కొన్ని చుట్టూ అల్లుకుని ఉంటాయి. అందుకే ఏ దిశలో లాగారు, మందం ఎంతనుకున్నారు అన్నదాన్ని బట్టి పొర బిరుసుదనపు విలువ మారిపోతుంది. వినికిడిపై పరిశోధన చేసిన హంగరీ శాస్త్రవేత్త బెకెషీ దాన్ని 20 మెగాపాస్కల్ అన్నాడు. తర్వాతివారి అంకెలు వేరు. ఆయన వైద్యుడు కాడు. భౌతికశాస్త్రం చదివి, బుడాపెస్ట్‌లో టెలిఫోన్ ప్రయోగశాలలో పనిచేశాడు. 1961లో ఆయనకు వచ్చింది మాత్రం వైద్య నోబెల్.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అమ్మాయి అడుగుతున్నది చెవి చదువు కాదు. నిరుడు ఆమె చదివిన ‘ఘనపదార్థాల యాంత్రిక ధర్మాలు’ పాఠమే, ఆ బిరుసుదనాన్ని చెప్పే యంగ్ గుణకంతో సహా. కాబట్టి నా ఓటు మెకానికల్‌కు, దాని తర్వాత బయోమెడికల్‌కు. బయోమెడికల్ ఐఐటీ హైదరాబాద్‌లోనూ, ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాలలోనూ ఉంది. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్‌లోనూ 2020 నుంచి దానికి ప్రత్యేక పేపరు ఉంది. కంప్యూటర్ సైన్స్ తీసుకున్నా ఆ నమూనాలు రాయడానికి పనికొస్తుంది, కానీ భయంతో తీసుకుంటే నాలుగేళ్లలో ఈ ఆసక్తి ఆరిపోవచ్చు. ఒక్క మాట దాచను: ఈ పనికి బీటెక్ చాలదు, ఎంటెక్, పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. ఉద్యోగాలూ తక్కువే. ఇంటి పరిస్థితి అంతకాలం ఆగలేనిదైతే ఆ సంగతి ఇప్పుడే ఆమెతో చెప్పండి.

అసలు ఆమెను ఆకట్టుకున్నది యంత్రం కాక ఆ పిల్లవాడేమో కూడా కనుక్కోండి. అలాగైతే దారి బీఏఎస్‌ఎల్‌పీ, అంటే వినికిడి, మాట లోపాలను పరీక్షించి సరిదిద్దే డిగ్రీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు, ఎంపీసీ వారూ చేరవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ వినికిడి, మాట లోపాల జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో ఆ కోర్సు ఉంది. ఏ కళాశాలైనా భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తింపు చూడకుండా ఫీజు కట్టకండి.

తేల్చుకోవడానికి ఒక ఆదివారం చాలు. స్టీలు గ్లాసు మూతికి బెలూన్ రబ్బరు బిగించి, నడుమ రూపాయి బిళ్లలు ఒక్కొక్కటే పేర్చి, ఎంత దిగిందో గ్రాఫు కాగితం మీద గీయమనండి. సాయంత్రానికి ఆమె రబ్బరు మందం ఎలా కొలవాలని అడుగుతుందో, తమ్ముడికి ఇప్పుడు వినబడుతోందా అని అడుగుతుందో చూసి నాకు మళ్లీ రాయండి.