కొయోటీల నుంచి గొర్రెపిల్లలను కాపాడుకోవడం

ప్రశ్న: టెక్సస్‌లో మా అమ్మాయి, అల్లుడు కొంత భూమి కొని గొర్రెలు పెంచుతున్నారు. ఈ వసంతంలో నాలుగు పిల్లలు చనిపోయాయి. కొయోటీలన్నింటినీ కాల్చివేయడమే మార్గమని పొరుగువారు చెబుతున్నారట. అది సరైనదేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందుగా చంపినది కొయోటీయేనా అన్నది తేల్చుకోవాలి. మన నక్క కన్నా పెద్దదిగా, తోడేలు కన్నా చిన్నదిగా ఉండే ఈ జంతువు సాధారణంగా గొర్రె గొంతును దవడ కింద పట్టి ఊపిరాడకుండా చేస్తుంది. కుక్కలైతే తొడలను, పక్కలను ఎక్కడపడితే అక్కడ చీల్చుతాయి. మెడ దగ్గర చర్మం ఒలిచి చూసినప్పుడు లోపల నెత్తురు కమిలి ఉంటే, ప్రాణముండగానే కరిచిందని అర్థం. అది కనిపించకపోతే, వేరే కారణంతో చనిపోయిన పిల్లను తరువాత తిని ఉండవచ్చు.

అన్నింటినీ చంపాలన్న సలహాను నేను సమర్థించలేను. అమెరికా వ్యవసాయ శాఖ సిబ్బంది ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 50,000కు పైగా కొయోటీలను చంపినా, అవి దేశమంతటా విస్తరించే ఉన్నాయి. ఖాళీ అయిన చోటికి కొత్తవి చేరుతాయి. గొర్రెలను ఎక్కువగా చంపేది వసంతంలో, వేసవిలో కూనలను సాకుతున్న జతలే. మంద జోలికి రాని జత అక్కడ స్థిరపడి ఉంటే, అది ఇతర కొయోటీలను తన హద్దుల్లోకి రానివ్వదు కనుక, దానిని చంపడం వల్ల మీవారికే నష్టం.

గ్రేట్ పిరనీస్ వంటి కాపలా కుక్కను కూనగా ఉన్నప్పటి నుంచే మంద మధ్య పెంచమనండి. ఈనే కాలంలో గొర్రెలను రాత్రివేళ దొడ్డిలో ఉంచాలి. కొయోటీలు తరచుగా కంచె కింద తవ్వి దూరుతాయి కాబట్టి, వలను నేలలోకి కూడా దించాలి. చనిపోయిన పిల్లలను, మాయలను వెంటనే తొలగించాలి.