పురుగుమందు కొట్టి వచ్చాక కళ్లు మసకలు: మాస్కు ఇచ్చి సంతకం తీసుకుంటే శిక్షణ అయిపోయినట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పల్నాడు జిల్లాలో ఓ పల్లెటూరు. మా ఆయనకు 38 ఏళ్లు. ఆగస్టు నుంచి జనవరి దాకా మిర్చి తోటల్లో, పత్తి చేలల్లో మందు కొట్టే కూలికి వెళ్తాడు. వారంలో నాలుగైదు రోజులు ఇదే పని. నెల రోజులుగా సాయంత్రం ఇంటికి రాగానే తలపోటు, వికారం, కళ్లు మసకలు అంటున్నాడు. నోట్లో నీళ్లూరుతుంటాయి. తొడ మీద కండ దానంతటదే అదురుతుంది. తెల్లారేసరికి తగ్గిపోతుంది, మళ్లీ పనికి పోతాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించి పంపుతున్నాడు. మొన్న మందుల కంపెనీ వాళ్లొచ్చి చెట్టు కింద మీటింగ్ పెట్టి, తలా ఒక మాస్కు ఇచ్చి సంతకాలు తీసుకున్నారు. ‘ట్రైనింగ్ అయింది, ఇక భయం లేదు’ అంటాడు మేస్త్రీ. నిజంగా శిక్షణ, సర్టిఫికెట్ లాంటివి ఉండాలా? ఏ పరీక్ష చేయించాలి? నీళ్లు మోసి మందు కలిపేది నేనే, ఆయన బట్టలు ఉతికేదీ నేనే. నాకూ పరీక్ష కావాలా?
– ఓ సోదరి, పల్నాడు జిల్లా

సమాధానం: అమ్మా, సర్టిఫికెట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ఆయన్ని రేపటి నుంచి మందు పనికి పంపకండి. కూలి పోతుందని తెలుసు. అయినా ఈ మాటే ముందు చెప్పాలి.

మందు కొట్టిన రోజు సాయంత్రమే నోట్లో నీళ్లూరడం, చూపు మసకబారడం, కండ అదరడం మూడూ కలిసి వస్తున్నాయంటే అది అలసటా కాదు, ఎండదెబ్బా కాదు. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ రకం పురుగుమందులు ఒంట్లోకి చేరుతున్నాయని గట్టిగా అనుమానించాలి. మన నరాల చివర, రక్తంలో కూడా కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఉంటుంది. నరం పంపిన సంకేతం పని పూర్తవగానే దాన్ని ఆపేయడం దాని పని. ఈ మందులు ఆ ఎంజైమును కట్టిపడేస్తాయి. అప్పుడు స్విచ్ ఆపకుండా వదిలేసిన మోటారులా లాలాజలం, చెమట, కన్నీరు కారుతూనే ఉంటాయి. కండలు అదురుతూనే ఉంటాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది, అందుకే ఆ మసక.

మీరు ‘తెల్లారేసరికి తగ్గిపోతుంది’ అని రాసిన మాట దగ్గరే నాకు ఎక్కువ భయం. తగ్గేది బాధ మాత్రమే. ఆర్గానోఫాస్ఫేట్ వల్ల ఎర్ర రక్తకణాల్లో దెబ్బతిన్న ఎంజైము రోజుకు దాదాపు 1 శాతం చొప్పునే కోలుకుంటుంది. వారంలో నాలుగైదు రోజులు మందు కొట్టే మనిషికి నిన్న పోయింది తిరిగి రాకముందే ఇవాళ ఇంకొంత పోతుంది. సీజన్ మొదట్లో ఏమీ చేయని మోతాదు సంక్రాంతి నాటికి మనిషిని పడగొట్టడానికి కారణం ఇదే. పడిపోయినప్పుడు ‘ఇన్నేళ్లుగా కొడుతున్నాడు, ఎప్పుడూ ఏమీ కాలేదే’ అంటారు ఇంట్లోవాళ్లు. వార్డులో ఈ మాట వినని సీజన్ లేదు నాకు.

సెలైన్ గురించి ఒక్క ముక్క. అది ఒంట్లో నీటిశాతాన్ని నిలబెడుతుందే తప్ప ఈ విషాన్ని కడిగేయదు. సెలైన్ పెట్టించుకుని, హుషారుగా ఉందని మర్నాడే పంపు భుజానికెత్తుకోవడం వల్ల నష్టమే ఎక్కువ.

ఇక పరీక్ష. జనరల్ మెడిసిన్ డాక్టర్ ఉన్న ఆసుపత్రికి ఆయన్ని తీసుకెళ్లండి. రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష రాస్తారు. ఇది రెండు రకాలు. ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో చూసేది చాలా ల్యాబుల్లో దొరుకుతుంది, ఎర్ర రక్తకణాల్లో చూసేది కాస్త అరుదు. చిక్కేమిటంటే ఈ ఎంజైము మనిషి మనిషికీ తేడాగా ఉంటుంది. కాబట్టి ‘నార్మల్’ అని వచ్చిన రిపోర్టు చూసి ఊరట పడిపోకండి. సహజంగా ఎక్కువ ఉన్న మనిషికి మూడో వంతు పడిపోయినా ఇంకా నార్మల్ గీతల మధ్యే ఉండొచ్చు. అసలు పద్ధతి ప్రకారం సీజన్‌కు ముందు, మందు ముట్టనప్పుడు ఒకసారి చేయించి, తర్వాతి వాటిని దానితో పోల్చాలి. మీకు ఆ అవకాశం దాటిపోయింది కాబట్టి ఇప్పుడొకసారి, మందు మానేసిన కొన్ని వారాలకు మరోసారి చేయించండి. రెండోది బాగా పెరిగిందంటే మొదటిది పడిపోయి ఉన్నట్టే లెక్క. అమెరికాలోని కాలిఫోర్నియాలో మందు కొట్టేవారికి ఈ పోలికే ప్రమాణం. సొంత ఎంజైము స్థాయి 80 శాతం కిందికి దిగితే పని పద్ధతిని తనిఖీ చేస్తారు. ఎర్రకణాల్లో 70కి, ప్లాస్మాలో 60కి పడితే ఆ పని నుంచే తప్పిస్తారు. మళ్లీ 80కి చేరితేనే పంపు చేతికిస్తారు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాడిన మందుల డబ్బాల మీది లేబుళ్లను ఫోన్‌లో ఫొటోలు తీసుకెళ్లండి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పడ్డాక మిర్చిలో పిచికారీలు పెరిగాయి. ఒకే ట్యాంకులో రెండు మూడు మందులు కలిపేయడం కూడా మామూలైపోయింది. అందులో పైరెత్రాయిడ్ రకం ఉంటే మొహం మీద చీమలు పాకినట్టు, మంటగా ఉంటుంది. కోలినెస్టరేజ్ పరీక్షలో అది కనిపించదు. ఏం కొట్టాడో తెలియకపోతే డాక్టర్ చీకట్లో వెతుక్కోవాలి.

ఇప్పుడు మీ మేస్త్రీ మాటకు వద్దాం. కూలికి మందు కొట్టే మనిషి దగ్గర సర్టిఫికెట్ ఉండి తీరాలని మన పురుగుమందుల చట్టం చెప్పదు. 1971 నాటి నిబంధనల్లో 42వది మాత్రం జాగ్రత్తలు పాటించడంలో, రక్షణ సామగ్రి వాడడంలో తగిన శిక్షణ ఏర్పాటు చేసే బాధ్యతను తయారీదారులు, పంపిణీదారులు, పురుగుల నివారణ పనిని వృత్తిగా చేసే ఆపరేటర్ల మీద పెట్టింది. 37వ నిబంధన పిచికారీ పనిలో ఉండేవారికి పనిలో చేరకముందు, తర్వాత ఏడాదికోసారి వైద్య పరీక్షలు చేయించాలంటుంది. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులతో పనిచేసేవారికి నెలనెలా కోలినెస్టరేజ్ చూడాలని కూడా అందులోనే ఉంది. చదివితే ముచ్చటేస్తుంది. కానీ 1968 నాటి అసలు చట్టంలో 38వ సెక్షన్ ఒకటుంది. తాను సాగు చేసే భూమిలో వాడుకునే మందుకు ఈ చట్టం వర్తించదని దాని సారాంశం. మీ ఆయన్ని పిలిచే ఆసామి కొట్టించేది తన చేనుకే కదా! ఆ సందులోంచే మీ ఆయన లాంటి కూలీలు జారిపోతున్నారు. గోదాముల్లో పురుగుకు మందు పెట్టే వ్యాపారానికి లైసెన్స్ కావాలంటే చదువుతో పాటు కనీసం 15 రోజుల శిక్షణ ధ్రువపత్రం అడుగుతారు. ఎండలో, ఎదురుగాలిలో, రోజంతా మందు కొట్టే మనిషికి చెట్టు కింద మీటింగ్!

సంతకం ఒక్కటే శిక్షణ కాదని అమెరికా నిబంధనలు చూస్తే తెలుస్తుంది. అక్కడ పొలం కూలీలకు ఏటా, పనిలోకి దిగకముందే, వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. చెప్పే మనిషి మొదటి నుంచి చివరిదాకా అక్కడే ఉండి, అడిగినవాటికి జవాబివ్వాలి. మందు కలిపి కొట్టే పనికి 18 ఏళ్లు నిండాలి. సంతకాలు వాళ్లూ తీసుకుంటారు, కాకపోతే ఇవన్నీ జరిగాక.

మీ మీటింగ్‌లో మాస్కు ఇచ్చారు సరే, గ్లౌజులు ఇచ్చారా? మన రైతుకూ, కూలీకీ, చివరికి కొందరు డాక్టర్లకూ ఉన్న పెద్ద అపోహ ఇది: విషం ముక్కులోంచే పోతుందని. పొలంలో ఎక్కువ భాగం ఎక్కేది చర్మం గుండా. పారాథియాన్ అనే ఆర్గానోఫాస్ఫేట్‌తో వెనకటికి చేసిన ప్రయోగాల్లో ముంజేతి మీద పూసినదాంట్లో దాదాపు 9 శాతం లోపలికి పోయింది. నుదుటి మీద పూస్తే 36 శాతం. వృషణాల చర్మం మీద పూస్తే దాదాపు మొత్తం. ఇప్పుడు వీపున మోసే పంపును గుర్తు తెచ్చుకోండి. మూత దగ్గర కారుతుంది, వీపు తడిసి, నడుం మీదుగా దిగి, లుంగీ తడుస్తుంది. ఆ తడి లుంగీతోనే సాయంత్రం దాకా పని. మొహానికి ఎన్ని మాస్కులు కట్టుకుంటే ఏం లాభం? కారే పంపుకు వాషర్ మార్చడం మాస్కు కన్నా ముందు చేయాల్సిన పని. ఇక మొహానికి చుట్టుకునే తువ్వాలు తడిస్తే రక్షణ కాదు, మందును బుగ్గలకు అదిమిపట్టే పట్టీ.

2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. పెన్‌గంగ దాటితే అది మన ఆదిలాబాద్‌కు పొరుగు జిల్లా. ఆ ఏడు పత్తి మనిషి ఎత్తు పెరిగింది. కొట్టిన మందు పైనుంచి మొహం మీదా, ఛాతీ మీదా పడింది. మీ ఆయన కొట్టే చేను భుజం దాటి పెరిగిందంటే అది ఆయన కొట్టకూడని చేను. గాలి వీపు వైపు నుంచి వీస్తుంటేనే కొట్టాలి, గాలి మారితే సాలు మార్చాలి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం చాలామందికి అలవాటు. అది మానేయాలి, ఒక పాత టూత్‌బ్రష్ జేబులో ఉంటే చాలు. బీడీ, ఖైనీ, మంచినీళ్లు చేతులు సబ్బుతో కడిగాకే. ప్యాంటు బూట్ల పైకి ఉండాలి, లోపలికి దోపితే కారిన మందు బూట్లోనే నిలుస్తుంది. గ్లౌజులు రబ్బరువో నైట్రైల్‌వో కావాలి. బట్టవి మందు పీల్చుకుని చేతికే అంటిస్తాయి. ఇవన్నీ వేసుకుని మధ్యాహ్నం ఎండలో పనిచేయడం మరో ప్రమాదం, కాబట్టి పొద్దున్నే మొదలెట్టి ఎండ ముదరకముందే ఆపేయాలి.

డబ్బా మీద చతురస్రంలో ఉండే రంగు త్రికోణం చదవడం మీరిద్దరూ నేర్చుకోండి, అక్షరాలు రాకపోయినా పనికొస్తుంది. ఎరుపు అన్నిటికన్నా తీవ్రం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపైతేనే పురుగు చస్తుందని కొందరు వెతికి మరీ కొంటారు. ఆ రంగు మనిషికి ఎంత విషమో చెబుతుందే గానీ పురుగు మీద ఎంత పనిచేస్తుందో చెప్పదు. పసుపే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. గడ్డిమందు పారాక్వాట్ పసుపు త్రికోణంలోనే ఉంటుంది, దానికి విరుగుడే లేదు.

మీ సంగతి. మీకూ పరీక్ష కావాలి. మాట వరసకు అనడం లేదు. ట్యాంకులోకి వెళ్లాక నీళ్లు కలిసి పలచబడిన మందు మీ ఆయనది. సీసా మూత తీసినప్పుడు చిక్కటి మందు ఉండేది మీ చేతిలో. చేత్తో కలపకండి, కర్ర వాడండి, మీకూ గ్లౌజులు ఉండాల్సిందే. ఆయన బట్టలు పిల్లల బట్టలతో కలపకుండా, గ్లౌజులతోనే, విడిగా ఉతకండి. కడుపుతో ఉన్నా, చంటిబిడ్డకు పాలిస్తున్నా ఈ పని దగ్గరికే వెళ్లొద్దు. ఖాళీ డబ్బాలను నీళ్లకో, ఉప్పుకో ఇంట్లో దాచుకోకండి.

ఎప్పుడైనా ఆయనకు ఊపిరి ఆడకపోయినా, మత్తుగా పడిపోయినా 108కి ఫోన్ చేయండి. ఈలోపు తడిసిన బట్టలు విప్పేసి, తలతో సహా సబ్బుతో, ధారాళంగా నీళ్లతో కడగండి, మీ చేతికి కవరో గ్లౌజో ఉండాలి. కుంకుడు రసం, పేడనీళ్లు తాగించి కక్కించొద్దు. ఆ మందుల్లో కలిసే ద్రావకాలు ఊపిరితిత్తుల్లోకి పోతే రెండో ప్రాణాపాయం. మజ్జిగ, పాలు, నిమ్మరసం కూడా వద్దు. డబ్బా వెంట తీసుకెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రీ పగలూ పలుకుతుంది, మీ ఊరి డాక్టరైనా అడగొచ్చు. ఆసుపత్రిలో విరుగుడు మందు అట్రోపిన్ ఇచ్చి తేరుకున్నాక కూడా మూడు నాలుగు రోజులు ఆసుపత్రిలోనే ఉండాలి. ఒకటి నుంచి నాలుగు రోజుల లోపు మెడ నిలపలేకపోవడం, శ్వాస కండరాలు బలహీనపడడం కొందరిలో వస్తుంది. ‘బాగున్నాడు కదా’ అని ఇంటికి తెచ్చేసుకున్న వాళ్లకు ఇదే దెబ్బ.

శిక్షణ కోసం మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి పదిమంది కూలీలు కలిసి వెళ్తే మాట వింటారు. ఈసారి కంపెనీ వాళ్లు కాగితం తెస్తే, సంతకం పెట్టే ముందు మీ ఆయన పంపును వాళ్ల ముందు పెట్టి, అది ఎక్కడ కారుతోందో చూపించమనండి. మీ ఇద్దరి రిపోర్టులూ వచ్చాక మళ్లీ రాయండి, తేదీలు వేసి.