పాత ఎంఎక్స్-5కి సిటీ చక్రాలు: వణుకు ఎక్కడిదంటే

పర్లాకిమిడి తమ్ముడూ, పాత మాజ్డా ఎంఎక్స్-5కి హోండా సిటీ కంపెనీ అల్లాయ్‌లు వేశాక బరంపురం రోడ్డులో 80 దాటితే స్టీరింగ్ వణుకుతోందన్నావు. మళ్లీ బ్యాలెన్సింగ్‌కి డబ్బు తగలెయ్యకు. బోల్టుల కొలత రెండింటికీ 4×100, అంటే 100 మి.మీ. వృత్తం మీద 4 బోల్టులు. మర కూడా ఒకటే, 12×1.5, అంటే 12 మి.మీ. లావు, మరల మధ్య 1.5 మి.మీ. ఎడం. కానీ మాజ్డా హబ్బు, అంటే చక్రం కూర్చునే నడిమి దిమ్మ, 54.1 మి.మీ., సిటీ చక్రం మధ్య కంత 56.1. ఆ సందులో చక్రం నడిమికి కుదరట్లేదు. ఆ సందు పూడ్చి 56.1 నుంచి 54.1కి దించే హబ్ రింగులు 4 వేయించు.

అసలు భయం నట్లతోనే. హోండా చక్రంలో నట్టు కూర్చునే గుంట గిన్నెలా గుండ్రం, మాజ్డా నట్టుదేమో కోసు మొన. సన్నటి అంచు మీదే ఆనుతుంది, బిగించినా వదులవుతుంది. గుండ్రటి సీటు నట్లు 16 కొను. చక్రం గాల్లో ఉండగానే ఎదురెదురుగా చేత్తో ఎక్కించి, బండి దించాక టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగించామో కొలిచే పానాతో) 110 న్యూటన్ మీటర్లకు బిగించు, 100 కిలోమీటర్లకు మళ్లీ చూడు. ఎయిర్ గన్ వద్దే వద్దు. నట్లు మారేదాకా తప్తపాణి ఘాట్ ఎక్కకు.