పొట్లం కట్టిన చేతులు

తమ్ముడికి,

నీ కథ రెండుసార్లు చదివాను. 1946 నావికుల తిరుగుబాటు మీద రాయాలనిపించినందుకు చాలా సంతోషం. కానీ నాలుగో పేజీకి వచ్చేసరికి బొంబాయి జనమంతా వీధుల్లోకొచ్చి జేజేలు కొడుతున్నారు. ఎందుకొచ్చారయ్యా? ఆ సంగతి కథలో ఎక్కడా లేదు.

ఫిబ్రవరి 18న బొంబాయిలో 'తల్వార్' అనే బ్రిటిష్‌వాళ్ల నౌకాదళ శిక్షణ కేంద్రంలో మన నావికులు పొద్దుటి తిండి ముట్టకుండా సమ్మెకు దిగారు. నోట పెట్టలేని కూడు, పైనుంచి తెల్ల అధికారి బూతులు. రోజుల్లోనే అది డెబ్బైకి పైగా ఓడలకు, ఇరవై వేల మందికి పాకింది. 21న బొంబాయిలో నావికులుండే క్యాజిల్ బారక్స్ దగ్గర కాల్పులు జరిగాయి. లోపలి కుర్ర నావికులు పస్తులున్నారని ఊరంతా తెలిసింది.

ఇక గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర నిలబడి చూడు. జనం పళ్లు, పాలు, రొట్టెలు మోసుకొస్తున్నారు. దుకాణాలవాళ్లు నావికుల్ని పిలిచి, కావలసింది పట్టుకెళ్లమంటున్నారు. కాపలా ఉన్న మన సిపాయిలు తుపాకులు భుజాన తగిలించుకుని, ఆ పొట్లాలను పడవల్లోకి అందిస్తున్నారు!

ఆ పొట్లం ఏ ఇంట్లో కట్టారో అక్కడికి వెళ్లు. ఆ ఇల్లాలికీ అది రేషన్ కోతల కాలమే. బెంగాల్ కరువు చావులు జరిగి మూడేళ్లే అయింది. ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్ల మీద విచారణ జరుగుతుంటే దేశమంతా రగిలింది. ఇన్నేళ్లూ తనవైపే గురిపెట్టిన తుపాకీ, మొదటిసారి దొరవైపు తిరిగింది. పట్టుకున్నది తన కొడుకు ఈడువాడు. ఆమె భయం ఎక్కడ వదిలిందో ఆ క్షణాన్ని పట్టుకో, తొందరపడకు.

పటేల్ లొంగిపొమ్మన్నారు, జిన్నా కూడా అదే అన్నారు. వాళ్లను దుర్మార్గుల్లా రాయకు, వాళ్ల లెక్కలు వాళ్లకున్నాయి. అయినా 22న కమ్యూనిస్టుల పిలుపుతో మిల్లులు మూతపడ్డాయి. సైన్యం, పోలీసుల కాల్పుల్లో రెండు వందలమందికి పైగా పోయారు. మిల్లు కార్మికులుండే పరేల్‌లో కమల్ ధోందే అనే కమ్యూనిస్టు కార్యకర్త గుండు తగిలి చనిపోయింది. నీ కథలో ఒక్క శవం కూడా లేదు, గమనించావా? అది రాయకపోతే ఆ జేజేలకు అర్థం లేదు.

23న లొంగిపోతూ నావికులు, మేం బ్రిటన్‌కు కాదు, భారతదేశానికి లొంగుతున్నామన్నారు. ఆ మాట చదివితే నాకిప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

నాలుగో పేజీ తీసేసి, ఆ వంటింట్లో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య