ఆ గడిలో ఏమి రాస్తారో నింపేవారినే అడుగు

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ సహకార బ్యాంకు పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్త కోర్ బ్యాంకింగ్‌కు మారుతోందనీ, ఖాతాదారుల వివరాల మ్యాపింగ్, అంటే పాత గడిలోని వివరం కొత్తదానిలో ఏ గడిలోకి వెళ్లాలో రాసే పని, నీకు అప్పగించారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. "రెండు వందల కాలమ్‌లట అక్కా, రెండు వైపులా పేర్లు ఇంచుమించు ఒకటేనట, వారంలో అయిపోతుందంటోంది" అంది. ఆ మాట విన్న రాత్రే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఈ ఉద్యోగంలో చేరిన మూడో ఏట నేనూ ఇలాంటి మార్పిడిలోనే పనిచేశాను. పాత వ్యవస్థలో చిరునామాకు మూడు గడులు, కొత్తదానిలోనూ మూడే. షీటులో ఎడమవైపు మూడు, కుడివైపు మూడు రాసి, నియమం దగ్గర "యథాతథం" అని పెట్టి కింది వరసకు వెళ్లిపోయాను. ఒక నిమిషం కూడా పట్టలేదు. కొత్త వ్యవస్థ మొదలయ్యాక ఖాతాదారులందరికీ ఉత్తరాలు వెళ్లాయి. కొన్నాళ్లకు ఒక పెద్దావిడ కవరు పట్టుకుని శాఖకు వచ్చింది. కవరు మీద ఆమె భర్త పేరు, ఇంటి నంబరు, వీధి, వాటి కింద పెద్ద అక్షరాలతో "ఎక్స్‌పైర్డ్" అని ఉంది. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. కవరు బల్ల మీద పెట్టి, "ఇది మీ దగ్గరే ఉంచుకోండి" అని వెళ్లిపోయింది.

పాత స్క్రీనులో ఖాతాదారు చనిపోయారని నమోదు చేయడానికి చోటే లేదు. మూడో చిరునామా గడి ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది కనుక కౌంటరు దగ్గరివాళ్లు అందులో ఆ మాట టైపు చేసేవారు. ఆ అలవాటు సంగతి శాఖలో అందరికీ తెలుసు. నేను అడగలేదు కనుక నాకు తెలియలేదు. వారసులు తేలేదాకా ఆపి ఉంచవలసిన ఖాతాలన్నీ కొత్త వ్యవస్థలోకి మామూలు ఖాతాలుగా చేరిపోయాయి. వాటిని వెతికి సరిచేయడానికి నెల పట్టింది. ఆ కవరు మాత్రం ఇన్నేళ్లయినా నా కళ్లముందే ఉంది.

అందుకే తల్లీ, ఎక్సెల్ తెరవకముందే ఒక శాఖకు వెళ్లు. కౌంటరు పక్కన కుర్చీ వేసుకుని ఒక పూట కూర్చో. కొత్త ఖాతా తెరిచేటప్పుడు వాళ్ల వేళ్లు ఏ గడి దగ్గర ఆగుతున్నాయో, ఏ గడి దాటడానికి చుక్క పెడుతున్నారో చూడు. తర్వాత రెండు ప్రశ్నలు అడుగు. ఈ గడిలో ఏమి రాస్తారు? రాయవలసినదానికి గడి లేకపోతే ఎక్కడ రాస్తారు? రెండో ప్రశ్నకు వచ్చే జవాబులు ఏ పత్రంలోనూ దొరకవు. రిమార్కుల గడిలో నామినీ పేరు, ఫోను గడిలో పక్కింటివాళ్ల నంబరు, ఇలాంటివన్నీ అక్కడే బయటపడతాయి.

ఆ తర్వాత డేటా దగ్గరికి రా. ప్రతి కాలమ్‌లో ఎన్ని నిండి ఉన్నాయి, ఎన్ని ఖాళీ, ఏ విలువ ఎక్కువసార్లు వచ్చింది అన్నవి డెవలపర్‌ను అడిగి తీయించుకో. ఫోను నంబర్లలో పది తొమ్మిదులు వందలసార్లు కనిపిస్తే అది ఎవరి నంబరూ కాదని తెలుస్తుంది. పుట్టిన తేదీల దగ్గర తొందరపడకు. 01-01-1900 కేవలం గడి నింపడానికి వేసినదే. జూలై 1 పుట్టినరోజులు గుట్టగా కనిపించినా వాటిని తుడిచేయవద్దు. మన పెద్దవాళ్లలో చాలామందికి బడిలో చేర్చిన రోజు మాస్టారు వేసిన తేదీయే అధికారిక తేదీ. ఆధార్‌లోనూ పాన్‌లోనూ అదే ఉంటుంది. 60 ఏళ్లు నిండినవారికి డిపాజిట్ల మీద ఇచ్చే అదనపు వడ్డీ ఆ తేదీతోనే ముడిపడి ఉంది.

పేర్ల గురించి ఎక్కువ చెప్పాలి. పాతదానిలో పేరుకు ఒకే గడి ఉండి, కొత్తదానిలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు ఉంటే, ఖాళీ ఉన్నచోట విడగొడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోవద్దు. "కె. వెంకటేశ్వర రావు"లో ఇంటిపేరు ముందుంది. అక్కడ విడగొడితే ఇంటిపేరు మొదటి పేరవుతుంది, "రావు" ఒక్కటే చివరికి మిగులుతుంది. ఇంటిపేరే రాయని కుటుంబాలూ ఉన్నాయి, తండ్రి పేరు చివర చేర్చుకునేవారూ ఉన్నారు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడిన మన పిల్లలకు అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో "ఎఫ్‌ఎన్‌యూ" అని వస్తుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. ఆ మూడు అక్షరాలను మార్పించుకోవడానికి వాళ్లు ఎన్ని కార్యాలయాలు తిరుగుతారో మీ అన్నయ్యను అడుగు. పూర్తి పేరును ఉన్నదున్నట్టు ఒక గడిలో దాచమని పట్టుబట్టు. విడగొట్టక తప్పకపోతే పాన్ వివరాలతో సరిచూసి విడగొట్టమను.

జిల్లాలు, బ్యాంకు శాఖల వంటి వాటి కోడ్‌ల పట్టికలలో ఏది ఏ తేదీ నుంచి చెల్లుతుందో రాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. పాత రికార్డులో "కరీంనగర్" అని ఉంటే ఆ ఊరు ఇప్పుడు జగిత్యాలలో ఉండవచ్చు, పెద్దపల్లిలో ఉండవచ్చు. జిల్లా పేరుకు ఎదురుగా జిల్లా పేరు రాస్తే కుదరదు, మండలం చూసి తేల్చాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాక డబ్బు పంపేటప్పుడు బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లలో "ఏఎన్‌డీబీ"తో మొదలయ్యేవి "యూబీఐఎన్"కు మారాయి. ఫలానా ఖాతాకు క్రమం తప్పకుండా డబ్బు పంపమని మీ ఖాతాదారులు ముందే ఇచ్చిన స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్లలో పాత కోడ్ ఇంకా ఉందేమో చూడు.

ఎక్సెల్‌తో జాగ్రత్త. ఖాతా నంబరు ముందున్న సున్నాలను అది తీసేస్తుంది. 16 అంకెల కార్డు నంబరును సంఖ్యగా తీసుకుంటే చివరి అంకెను సున్నా చేస్తుంది. ఫైలు తెరిచేటప్పుడే ఆ కాలమ్‌లను టెక్స్ట్‌గా పెట్టుకో. అంకెలలో ఉన్నా, కూడికకూ తీసివేతకూ పనికిరానిదాన్ని సంఖ్యగా చూడవద్దు.

షీటు ఎలా వేయాలో మీ టీములో చెబుతారు, నేను చెప్పనక్కరలేదు. నా మాటగా రెండు కాలమ్‌లు మాత్రం చేర్చు: "ఎవరు చెప్పారు", "ఏ రోజు". ఆరు నెలల తర్వాత ఈ నియమం ఎందుకని ఎవరైనా అడిగితే నీ జ్ఞాపకం మీద ఆధారపడకూడదు. తెలియని వరసను తెలియదనే రాసి, ఎరుపు రంగు వేసి వదిలెయ్యి. ఎరుపు గడులున్న షీటును మేనేజరుకు చూపడానికి మొహమాటపడకు. ఊహతో నింపిన గడి నిజమైన గడిలాగే కనిపిస్తుంది, తర్వాత దాన్ని ఎవరూ పట్టుకోలేరు.

ట్రయల్ మార్పిడి జరిగిన రోజు ఖాతాల లెక్క, నిల్వల మొత్తం పైసలతో సహా రెండు వైపులా సరిపోవాలి. అవి సరిపోయాక కూడా ఇరవై ఖాతాలు తీసుకుని ఆ శాఖకే మళ్లీ వెళ్లు. కౌంటరు దగ్గర కూర్చున్నామెకు కొత్త స్క్రీను చూపించి, "ఈయన మీకు తెలిసిన ఆయనేనా?" అని అడుగు.

వచ్చే ఆదివారం ఇంటికి వస్తానన్నావుగా. చిరునామా గడులలో ఏముందో తీయించుకుని పట్టుకురా, మూడోది ముఖ్యంగా. ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ